కావలి నుంచి భైరవకోన దాకా: ఉదయగిరి రోడ్డు మీద రెండు రోజులు

కావలి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి దిగి పడమటికి తిరిగితే వచ్చే దారిని చుట్టుపక్కల అందరూ ఉదయగిరి రోడ్డనే అంటారు. చాలాకాలం రాష్ట్ర రహదారిగా ఉండి, తర్వాత జాతీయ రహదారుల లెక్కలోకి వచ్చింది. 167బీజీ అని నంబరు పడింది. కావలి నుంచి కలిగిరి, వింజమూరు మీదుగా దుత్తలూరు దాకా సుమారు 67 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉదయగిరి మీదుగా సీతారామపురం దాకా సుమారు 36. సీతారామపురం దగ్గర ఇది 167బీ రోడ్డులో కలుస్తుంది. ఆ రోడ్డు ఒకవైపు కొండలు దాటి పోరుమామిళ్ల, మైదుకూరు పోతుంది. ఇంకోవైపు సి.ఎస్.పురం, పామూరు, కందుకూరు మీదుగా సింగరాయకొండ చేరుతుంది. కాబట్టి కావలిలో బయలుదేరి భైరవకోన చూసుకుని సింగరాయకొండ దగ్గర మళ్లీ పదహారో నంబరు రోడ్డెక్కవచ్చు. పోయిన దారినే తిరిగి రానక్కర్లేదు. మొత్తం చుట్టు దాదాపు 300 కిలోమీటర్లు.

ఈ దారిన వచ్చేవాళ్లలో ఎక్కువమంది భైరవకోన గుహాలయాల కోసమే వస్తారు. ఉదయగిరి దుర్గాన్ని కారు అద్దంలోంచి చూసి, బస్టాండు దగ్గర టీ తాగి, ఒక ఫొటో తీసుకుని కదిలిపోతారు. ఇది సరైన పద్ధతి కాదు. ఈ రోడ్డు పుట్టిందే ఉదయగిరి కోసం. ఉన్న రెండు రోజుల్లో ఒక రాత్రీ ఒక తెల్లవారుజామూ ఆ ఊరికి ఇవ్వకపోతే ఇంత దూరం వచ్చి సగమే చూసినట్టు.

అలా అనడానికి కారణం కొండల్లో ఉంది. నెల్లూరు సీమకు పడమటి గోడ వెలికొండలు. గోడకు అటు కడప, ఇటు నెల్లూరు. బండి దాటగల కనుమలు కొన్నే. వాటికి ఇవతల కాపలా కూర్చున్నట్టుంటుంది ఉదయగిరి. విజయనగర రాజ్యం పుట్టిన తొలి రోజుల్లోనే హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఇక్కడి నుంచి ఏలాడు. అతని కొడుకు రెండో సంగమరాయలు 1356లో తూర్పున బిట్రగుంటను బ్రాహ్మణులకు దానమిచ్చి శాసనం రాయించాడు. ఆ తర్వాత బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఉదయగిరిలో ఉండి పాలిస్తూ కొండలకు అవతల పోరుమామిళ్ల చెరువు కట్టించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనంలో లెక్కలు కూడా ఉన్నాయి: రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, తగలకూడని ఆరు దోషాలేమిటో కూడా చెక్కించాడు. బిట్రగుంట, ఉదయగిరి, పోరుమామిళ్ల: ఈ మూడు పేర్లను మ్యాపు మీద కలిపితే వచ్చే గీతకు ఇప్పటి రోడ్డు పెద్ద దూరంలో లేదు.

ఈ దారి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం 1513–14 నాటిది. అప్పటికి దుర్గం ఓఢ్ర, అంటే ఒడిశా, గజపతుల చేతిలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి గానీ దాన్ని పట్టుకోలేకపోయాడు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టినదాని ప్రకారం కోటలో పదివేల కాల్బలం, నాలుగొందల గుర్రాలు. రాయలు తెచ్చింది 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. కోట దగ్గరికి పోవడానికి ఒక్కవైపే వీలున్నందున రాయలు పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, గుట్టలు కోయించి బురుజుల దాకా వెడల్పాటి దారి వేయించాడట. ఇప్పుడు జేసీబీలతో చేస్తున్న రోడ్డు వెడల్పు పని ఇక్కడ ఐదొందల ఏళ్ల కిందటే ఒకసారి జరిగింది. కోట పట్టాక గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయుణ్ణి బందీగా తీసుకున్నాడు. తిరుగుదారిలో 1514 జూలైలో తిరుమల కొండకు పోయి 30 వేల వరహాలతో శ్రీవారికి కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, 1515లో అక్కడ కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హంపి కృష్ణాలయం చూసినవాళ్లు ఉదయగిరికి వచ్చి దేవుడు లేని ఆ పాత గుడి ముందు కాసేపు నిలబడాలి.

తర్వాత కోట గోల్కొండ చేతికి వచ్చింది, ఆపైన ఆర్కాటు నవాబుల కింద జాగీరైంది. 1800లో కొండలకు అటువైపు నిజాం వదులుకున్న దత్తమండలాలు, 1801లో ఇటువైపు నెల్లూరు ఈస్టిండియా కంపెనీ కిందికి వచ్చాయి. 1840 ప్రాంతంలో ఆఖరి జాగీర్దారు మీద రాజద్రోహం మోపి జాగీరు కూడా లాక్కున్నారు. అక్కడితో కోటకు పని అయిపోయింది. తాలూకా కచేరీ మాత్రం మిగిలింది.

కావలి, కలిగిరి, వింజమూరు

బయలుదేరే ఊరిగా కావలి బాగుంటుంది. విజయవాడ–గూడూరు రైలు మార్గం మీద స్టేషన్ ఉంది. ఏసీ గదులున్న లాడ్జీలు, రాత్రి పదింటికి కూడా అన్నం దొరికే హోటళ్లు ఉన్నాయి. రైలు దిగి బస్సులో పోయేవాళ్లకు ఆర్టీసీ డిపో ఇక్కడొకటి, ఉదయగిరిలో ఒకటి ఉన్నాయి కాబట్టి ఈ రెండు ఊళ్ల మధ్య బస్సులకు కొదవ లేదు. ఉదయగిరి దాటాకే కష్టం. సీతారామపురం వైపు బస్సులు పలచబడతాయి. భైరవకోనకు కార్తీకంలోనూ శివరాత్రికీ తప్ప బస్సును నమ్ముకోకూడదు.

అద్దె కారు మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: కిలోమీటరు రేటు ఎంత, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి బసకు విడిగా ఇవ్వాలా. ఈ చుట్టుకు రాత్రి బస తప్పదు. మాట్లాడేటప్పుడు ‘భైరవకోన, ఒక్కరోజు’ అని చెప్పి, దారిలో ‘ఉదయగిరిలో పడుకుందాం’ అంటే తగాదా వస్తుంది. రెండు చక్రాల బండి అయితే ట్యూబ్‌లెస్ టైర్లకు పంక్చర్ కిట్టు, చిన్న పంపు వెంట ఉంచుకోవాలి. పంక్చరు కొట్లు మండల కేంద్రాల్లో ఉంటాయి, మధ్యలో ఉండవు. అవి కూడా ఆదివారం మధ్యాహ్నం తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు.

కావలి దాటగానే మాగాణి తగ్గుతూ ఎర్రనేల మొదలవుతుంది. కలిగిరి చేరేసరికి పూర్తిగా మెట్ట. పొలాల మధ్య కిటికీల్లేని ఎత్తాటి గదులు ఒంటరిగానో జంటగానో కనిపిస్తాయి. అవి పొగాకు బ్యారన్లు. లోపల అంతస్తులుగా కర్రలు వేసి, పచ్చాకు తోరణాల్లా కట్టి వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే వేడి ఇనుప గొట్టాల్లో తిరిగి గదంతా పరుచుకుంటుంది. పొగ మాత్రం ఆకుకు తగలదు. మొదట సన్నని సెగ మీద ఆకు పసుపు తిరగాలి, తర్వాత రెక్క ఎండాలి, చివర్లో మంట పెంచితే ఈనె ఎండుతుంది. అంతా కలిపి దాదాపు వారం. మధ్యలో ఒక్క రాత్రి మంట తగ్గినా ఈనెలోని తడి రెక్కలోకి దిగి ఆకు నల్లబడుతుంది, రేటు పడిపోతుంది. అందుకే ఆకు కాల్చే రోజుల్లో బ్యారన్ దగ్గర ఎవరో ఒకరు రాత్రంతా మేలుకునే ఉంటారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజామున ఈ దారిన పోతే మగ్గిన తీపి వాసన ఊరూరా పలకరిస్తుంది.

కలిగిరిలో, ఆత్మకూరు–బద్వేలు దారిలోని డీసీపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. వేలం నడిచే నెలల్లో బేళ్లు పేర్చిన ట్రాక్టర్లు, లారీలు రోడ్డు మీద సగం ఆక్రమిస్తాయి. చీకటి పడ్డాక అసలు ప్రమాదం ఇదే. ట్రాక్టరు ట్రక్కులకు వెనక లైట్లు ఉండవు, ఎరుపు రేకు కూడా కొన్నిటికే ఉంటుంది. పైగా పంట చేతికొచ్చిన కాలంలో కొత్త తారురోడ్డే కళ్లమవుతుంది. ధాన్యం, జొన్న, సజ్జ ఒక పక్కన ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. గింజలు ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. బైకు ముందు చక్రం పోయి పడేది వాటి మీదే. సాయంత్రం ఆరు తర్వాత ఈ రోడ్డు మీద బండి నడపాలనుకోవడం మంచి ఆలోచన కాదు. పనులు జరుగుతున్న చోట్ల కల్వర్టు పక్కన మట్టిదారి వేసి మళ్లిస్తారు. ఆ మలుపు దగ్గర బోర్డు పగలు కనిపించినంత బాగా రాత్రి కనిపించదు.

వింజమూరులో మధ్యాహ్న భోజనం దొరుకుతుంది, పెట్రోలు దొరుకుతుంది. ఏటీఎంలో డబ్బు తీసుకునే పని ఉంటే ఇక్కడే చూసుకోవాలి. ఊరు దాటాక దుత్తలూరు మండలంలో నర్రవాడ. వెంగమాంబ పేరంటాలు గుడి ఇక్కడిదే. జ్యేష్ఠమాసంలో, అంటే జూన్ ప్రాంతంలో, బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు, రోడ్డు మీద బండి కదలదు. మొక్కు ఉన్నవాళ్లు సరే, దారిన పోయేవాళ్లు ఆ వారం తప్పించుకోవడం మేలు.

దుత్తలూరు దగ్గర కనిగిరి, పామూరు వైపు నుంచి దిగే 565 నంబరు జాతీయ రహదారి తగులుతుంది. ఇక్కడి నుంచి పడమటి ఊళ్లలో తాగునీటి విషయంలో జాగ్రత్త. ఉదయగిరి మెట్టలోనూ, పామూరు, కనిగిరి ప్రాంతంలోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తరాలుగా అక్కడి జనం పళ్లు, ఎముకలు పాడుచేసుకున్నది ఆ నీళ్లతోనే. ఒక పూట తాగితే యాత్రికుడికి ఏమీ కాదు. కానీ హోటల్లో జగ్గులో పెట్టింది బోరు నీళ్లా, ప్లాంటు నీళ్లా అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి కారులో వేసుకుంటే రెండు రోజులకూ సరిపోతుంది.

నెల్లూరు నుంచి వచ్చేవాళ్లు కావలి దాకా పోనక్కర్లేదు. సంగం, ఆత్మకూరు మీదుగా బొంబాయి హైవే, అంటే 67వ నంబరు రోడ్డు పట్టుకుని, ఆత్మకూరు దగ్గర నెల్లూరుపాలెం సెంటర్ నుంచి ఉత్తరానికి తిరగవచ్చు. నెల్లూరు–ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు. సంగంలో పెన్న మీద 1880ల నాటి ఆనకట్ట స్థానంలో కట్టి, 2022 సెప్టెంబరులో ప్రారంభించిన బ్యారేజీ దారిలోనే ఉంటుంది. పది నిమిషాలు ఆగాల్సిన చోటు. వానల్లో మాత్రం ఈ వైపు దారి ఎంచుకునే ముందు వాగుల సంగతి కనుక్కోవాలి. సంగం దగ్గర బీరాపేరు, ఆత్మకూరు వైపు బొగ్గేరు ఒక్క రాత్రిలో పొంగుతాయి. నెల్లూరుకు వాన అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు దగ్గర పదహారో నంబరు రోడ్డే తెగిపోయింది. చిన్న రోడ్ల చప్టాల సంగతి చెప్పేదేముంది. చప్టా మీద నీళ్లు మోకాలి ఎత్తున లేకపోయినా, అడుగున రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. అవతలి నుంచి ఒక లారీ దాటి వచ్చేదాకా ఆగడమే తెలివి.

ఉదయగిరి

బస గురించి దాచేదేమీ లేదు. ఉదయగిరిలో ఉన్నవి మామూలు లాడ్జీలు. మంచం, ఫ్యాను, బక్కెట, అదృష్టం బాగుంటే ఏసీ. పాత తాలూకా కేంద్రం కాబట్టి ఆర్ అండ్ బీ అతిథిగృహం ఉంది గానీ, ముందుగా అనుమతి తెచ్చుకోకుండా పోతే గది దొరకదు, అధికారులు వస్తే ఇచ్చిన గదైనా ఖాళీ చేయాల్సి వస్తుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు కావలిలోనో నెల్లూరులోనో ఉండటం మంచిది. ఆత్మకూరు పక్కన ఏఎస్ పేటలో దర్గాకు వచ్చే భక్తుల కోసం లాడ్జీలు చాలా ఉన్నాయి. అయితే గురువారం రాత్రి, శుక్రవారం అక్కడ కాలు పెట్టడానికి సందు ఉండదు. ఇవన్నీ తెలిసి కూడా, కొండ ఎక్కేవాళ్లకు చెప్పేది ఒకటే: ఉదయగిరిలోనే పడుకోండి. దుప్పటి, తలగడ గలీబు, దోమల బత్తి వెంట తెచ్చుకుంటే ఆ ఒక్క రాత్రి ఇబ్బంది లేకుండా గడుస్తుంది. కావలిలో పడుకుంటే తెల్లవారుజామున మూడున్నరకు లేచి, పైన చెప్పిన ట్రాక్టర్ల మధ్య చీకట్లో రావాలి.

దుర్గం ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. పైకి బండి దారి లేదు. పాతకాలంలో మొత్తం పదమూడు కోటలుండేవని లెక్క: కొండ మీద ఎనిమిది, కింద ఐదు. కొన్ని వైపుల కొండ వెయ్యి అడుగుల నిలువు గోడలా ఉంటుంది. ఎక్కడానికి వీలున్న ప్రతి దారికీ అడ్డంగా ఒక ప్రాకారమో బురుజో ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒక ద్వారం దాటి, హమ్మయ్య అనుకుని తల ఎత్తితే పైన ఇంకో గోడ కనిపిస్తుంది. ముట్టడి అంతకాలం ఎందుకు సాగిందో పుస్తకం కన్నా మోకాళ్లు బాగా చెబుతాయి.

ఐదున్నరకు, లేదంటే ఆరుకు నడక మొదలుపెట్టాలి. అలవాటున్నవాళ్లకు ఎక్కడానికి రెండున్నర నుంచి మూడు గంటలు, దిగడానికి రెండు. పైన తిరగడానికి ఇంకో రెండు గంటలు వేసుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు ఊళ్లో ఉంటారు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. పైన పాత కోనేళ్లలో నీళ్లు కనిపిస్తాయి, అవి తాగడానికి కాదు. పట్టుండే అడుగున్న బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకోవాలి. దారి చాలాచోట్ల ముళ్లపొదల కింద పూడిపోయి ఉంటుంది, మెట్ల రాళ్లు కదులుతాయి. దారి తప్పడం సులువు, ఎందుకంటే కట్టెలకూ మేకలకూ పోయేవాళ్లు వేసిన కాలిబాటలు ఎన్నో చీలుతుంటాయి. అవన్నీ పైకి పోవు. అందుకే ఊళ్లో దారి తెలిసిన మనిషిని ముందురోజు సాయంత్రమే మాట్లాడుకుని, ఎంత ఇవ్వాలో అప్పుడే అనుకోవాలి. ఇది ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఒంటరిగా పోవద్దు, చీకటి పడేదాకా పైన ఉండొద్దు. ఏప్రిల్, మే నెలల్లో అసలు ఎక్కొద్దు. వాన వెలిసిన మర్నాడు రాళ్లు జారుతాయి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా కొండ పచ్చగానూ ఉంటుంది, ఎండా ఓర్చుకోగలం.

పైన గోల్కొండ కాలపు పెద్ద మసీదు, గుళ్ల శిథిలాలు, ధాన్యం కొట్లు, కూలిన మహళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మసీదులో పారశీక శాసనాలున్నాయి. వాటి మీద చేతులు పెట్టొద్దు, పేర్లు గీకొద్దు. ఇప్పటికే గీకినవి చాలు. నిధుల కోసం తవ్విన గుంటలు అక్కడక్కడా నోరు తెరుచుకుని ఉంటాయి, గడ్డిలో కనిపించవు. ఇంత పెద్ద దుర్గానికి దారి చూపే ఒక్క సరైన బోర్డు లేకపోవడం బాధ కలిగిస్తుంది. ఎక్కలేనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. ఊళ్లోనే రంగనాయకులస్వామి ఆలయం, పాత కృష్ణాలయం ఉన్నాయి. ఆ రెంటికీ గంటన్నర ఉంచుకుంటే చాలు.

ఉదయగిరిలో కొనాల్సింది ఒకటే ఉంది, చెక్క గరిటెలు. ఇక్కడి చెక్క చెంచాలకు, ఫోర్కులకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుర్గం అడవిలో దొరికే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కలపతో చేతి పనిముట్లతోనే చెక్కుతారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఆడవాళ్ల పని ఇది. కొనేటప్పుడు వెలుతురులో పట్టుకుని, కాడ గిన్నెలో కలిసే చోట చూడాలి. వెంట్రుక మందాన గీత కనిపించినా వద్దు, వేడి తగిలితే అక్కడే చీలుతుంది. కాడ పొడవునా చెక్క పోగు నిలువుగా సాగి ఉండాలి, అడ్డంగా తెగి ఉంటే బరువుకు విరుగుతుంది. వంటకు కావాలంటే రంగు, వార్నిషు లేనిదే అడగండి. ఇంటికొచ్చాక వాడే ముందు నువ్వులనూనో కొబ్బరినూనో పలచగా పట్టించి ఒక రాత్రి ఉంచాలి. రాత్రంతా అంట్ల నీళ్లలో నానబెడితే, కడిగి ఎండలో పెడితే నెలలోనే పగుళ్లు వస్తాయి. నీడలో ఆరాలి. అంగడిలో బేరమాడే ముందు ఒక చెంచా చెక్కడానికి చేతులు ఎంతసేపు పనిచేశాయో అక్కడే నిలబడి ఒకసారి చూడండి.

తిండికి బస్టాండు చుట్టుపక్కల పొద్దున ఇడ్లీ, కారం దోసె, మధ్యాహ్నం బిర్యానీ దొరుకుతాయి. రాత్రి తొమ్మిది దాటితే ఏమీ ఉండదు.

సీతారామపురం, కొండ అంచున

ఉదయగిరి దాటాక దారి వెలికొండల పక్కనే పోతుంది. ఉదయగిరికి దగ్గర్లో పిల్లాపేరు మీద కట్టిన గండిపాలెం జలాశయం ఉంది. మంచి వాన పడిన ఏడు సాయంత్రం పూట చూడాలి. మిగతా ఏళ్లలో అడుగున బురద కనిపిస్తుంది. సీతారామపురం చిన్న మండల కేంద్రం. ఇక్కడ ట్యాంకు నింపుకోకపోతే తర్వాత నమ్మకంగా దొరికేది పామూరులోనే అనుకోండి. అడవిలో ఫోను సిగ్నలు పోతుంది. మ్యాపు ముందే ఫోన్లో దించుకోవాలి, జేబులో నోట్లుండాలి. వెలికొండలు ఎర్రచందనం పెరిగే అడవులు కాబట్టి రాత్రిళ్లు చెక్‌పోస్టుల దగ్గర బండి ఆపి డిక్కీ తెరిపిస్తారు. కాగితాలు చేతికందేలా పెట్టుకుంటే ఐదు నిమిషాల పని.

సీతారామపురం మండలంలోనే అడవి మధ్య ఘటిక సిద్ధేశ్వరం ఉంది. పాడుబడిన ఈ గుడిని తిరిగి నిలబెట్టింది అవధూత కాశినాయన. ఆయన ఈ మండలంలోనే బెడుసుపల్లెలో 1891లో పుట్టారు, 1995లో కన్నుమూశారు. జీవితమంతా పాడైన గుళ్లు బాగుచేయించడం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టించడం ఆయన పని. ఆ ఒరవడి ఇక్కడ ఇంకా నడుస్తోంది. ఏ కులం, ఏ ఊరు అని అడగకుండా వడ్డిస్తారు. ఈ దారిలో హోటళ్లు లేని లోటును తీర్చేది ఈ అన్నదానమే. తిన్నాక హుండీలో తోచింది వేయండి, ఆకు ఎవరిది వారే తీయండి.

భైరవకోన సి.ఎస్.పురం మండలం అంబవరం కొత్తపల్లి దగ్గర, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉంది. కనిగిరి, పొదిలి, కందుకూరు, దర్శి తాలూకాలు 1970లో కొత్త జిల్లాకు పోయేదాకా ఈ నేలంతా నెల్లూరులోనిదే. ఒకే కొండరాతిని తొలిచి ఎనిమిది గుహాలయాలు చెక్కారు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. ప్రధాన దైవం భర్గేశ్వరుడు, కింద త్రిముఖ దుర్గాంబ. భైరవుడు క్షేత్రపాలకుడు, కోనకు పేరు ఆయనది. పల్లవుల పద్ధతి కనిపించే స్తంభాలు, సింహాలు, ద్వారపాలకులు ఉన్నారు. గుహలు చూడాలంటే పొద్దున ఎనిమిదిలోపే, తూర్పు వెలుగు లోపలికి పడుతున్నప్పుడు చూడాలి. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు అమ్మవారి మీద పడుతుందని వేలమంది వస్తారు. ఆ రాత్రి దర్శనం దక్కుతుంది గానీ శిల్పం చూడటం కుదరదు. శిల్పం కోసం వచ్చేవాళ్లు మామూలు వారం మధ్య రోజున రావాలి.

సుమారు రెండొందల అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం అక్టోబరు నుంచి జనవరి దాకా నిండుగా ఉంటుంది. వేసవిలో సన్నగిల్లుతుంది. కింద గుండంలో రాళ్లు నాచు పట్టి ఉంటాయి, వానలో పైనుంచి రాళ్లు కూడా జారతాయి. ధార కింద తల పెట్టి నిలబడటం వద్దు. కోతులున్నాయి, చేతిలో సంచి ఉంచుకోవద్దు. బస అంటే సత్రాలే. పండగ రోజుల్లో అవీ దొరకవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి చూసుకుని పామూరు వైపు దిగిపోవడమే మేలు.

తిరుగుదారిలో పామూరు దాటాక వలేటివారిపాలెం మండలంలో మాలకొండ ఉంది. మాల్యాద్రి నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా రోజుల్లో పోతే మూసిన తలుపు చూసి రావాలి. కాబట్టి ఈ యాత్ర శుక్రవారం కావలిలో మొదలుపెట్టి, ఆ మధ్యాహ్నం ఉదయగిరి ఊరి గుళ్లు చూసి, శనివారం పొద్దున భైరవకోన చూసుకుని మధ్యాహ్నానికి మాలకొండ చేరేలా వేసుకుంటే సరిగ్గా కుదురుతుంది. అలా చేస్తే దుర్గం ఎక్కడానికి పొద్దు చాలదు. దుర్గం కావాలనుకునేవాళ్లు గురువారమే బయలుదేరాలి. మాలకొండలో శనివారం రద్దీ పొద్దున పదింటి నుంచి రెండు దాకా. ఆ తర్వాత వరుస తగ్గుతుంది, కొండ మీది ఇరుకు బండ సందులోంచి నెమ్మదిగా దాటిపోవచ్చు. అక్కడి నుంచి కందుకూరు, కందుకూరు నుంచి సింగరాయకొండ సుమారు 14 కిలోమీటర్లు. రైలుకు పోయేవాళ్లు సింగరాయకొండలో ఏ బండి ఆగుతుందో ముందే చూసుకోవాలి. ఆగనిదైతే ఒంగోలుకో కావలికో పోవాలి, దానికి ఇంకో గంట కలుపుకోండి.